డెబ్బై నాలుగు శాతం బంతి

“బంతి మన దగ్గరే ఉంటే అవతలివాడు గోల్ ఎలా కొడతాడు? నువ్వే చెప్పు,” అన్నాడు బావ.

అప్పుడే రెండు గోల్స్ తేడాతో గెలిచి కూర్చున్న బావమరిదికి చెప్పాల్సిన అగత్యం లేదు. అది కంప్యూటర్లో ఆడే ఫుట్‌బాల్ మేనేజర్ ఆట. తమ జట్టులో ఎవరు ఎక్కడ నిలబడాలో, బంతి ఎవరికి అందించాలో ఆడేవాళ్లు ముందే నిర్ణయించి పెడతారు. ఆదివారం సాయంత్రం ఐదింటికి మ్యాచ్ దానంతటదే నడుస్తుంది. బావమరిది వ్యూహమల్లా వెనకనుంచి ఎత్తి తన్నడం, ముందున్నవాడు పరుగెత్తడం. దాన్ని వ్యూహం అనడానికి బావకు నోరు రాదు. గొడ్లు తోలడం అంటాడు.

అసలు బావమరిది అంటేనే బావకు ఒళ్లుమంట. ఉద్యోగం ఊడి, రెండు వారాలుంటానని వచ్చినవాడు నాలుగు నెలలుగా వెనకగదిలో తిష్ఠ వేశాడు. ఆ గది బావకు కావాలి. భార్యను ఎంత పోరినా, వాడికి ఏదో ఒక పని దొరికేదాకా ఓర్చుకోమంటుంది.

“మూడు వారాల్లో మనిద్దరికీ మళ్లీ మ్యాచ్ ఉంది,” అన్నాడు బావ. “నేను గెలిస్తే గది ఖాళీ చెయ్. ఓడితే నువ్వెన్నాళ్లున్నా నోరెత్తను. ఒట్టు.”

“సరే బావా,” అన్నాడు బావమరిది, పోట్లాడే ఓపిక లేనట్టు.

మర్నాటినుంచే బావ కొత్త వ్యూహం మొదలుపెట్టాడు. లిఫ్టుల కంపెనీలో ఫిర్యాదులు రాసుకోవడం అతడి ఉద్యోగం. రెండంతస్తుల మధ్య ఇరుక్కున్నవాళ్లు ఫోన్ చేస్తే కాస్త ఓపిక పట్టమని చెప్పి, తెర మీద తన మధ్యవరస ఆటగాళ్లను అటూ ఇటూ జరుపుకునేవాడు. ఓపికే ఆ వ్యూహానికి ప్రాణమట. గోల్‌కీపర్ కూడా బంతిని తన్నకూడదు, పక్కవాడికి అందించాలి. పక్కవాడు ఆ పక్కవాడికి. అవతలివాళ్లు బంతి వెంట తిరిగి తిరిగి సొమ్మసిల్లాక ఎవరో ఒకరు వెళ్లి గోల్లో పెట్టి రావాలి. ఆ వెళ్లేదెవరో మాత్రం ఇంకా తేలలేదు. నేల విడిచి సాము చేస్తున్నావని చెప్పే ధైర్యం ఆఫీసులో ఎవరికీ లేకపోయింది. ‘కోచ్ గారూ’ అని పిలిచి చాటుకెళ్లి నవ్వుకునేవారు. ఆయన దాన్ని గౌరవమనే అనుకున్నాడు.

లీగులో సగం జట్లకు దిక్కు లేదు. ఆడేవాళ్లు విసుగెత్తి మానేస్తే, వాళ్ల జట్లను పాత వరసలోనే కంప్యూటర్ నెట్టుకొస్తుంది. దిక్కులేని జట్టు చేతిలో ఓడినవాడు మనిషే కాదని బావ భోజనం దగ్గర ప్రకటించాడు. భార్య మంచినీళ్లు పోసింది.

రెండో వారం మొదట్లో ఒక పొద్దున బావమరిది తల దువ్వుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

“బావా, ఒక్క నిమిషం.”

బావ గబుక్కున అరచేత్తో తెర మూశాడు. వ్యూహం కాపీ కొట్టడానికి కాకపోతే పొద్దున్నే వీడికి ఏం పని? ఏమున్నా మ్యాచ్ అయ్యాకే మాట్లాడదామన్నాడు, తల తిప్పకుండా.

“సరే. అక్కకి చెప్పాన్లే,” అని బావమరిది కదిలాడు.

ఆ రోజు నుంచి బావమరిది ఎదురుపడటం మానేశాడు. భయం పట్టుకుందని బావ లోలోపల మురిసిపోయాడు. చెప్పులు కూడా గుమ్మం దగ్గర విడవకుండా లోపలికే తీసుకుపోతున్నాడు కాబోలు, కనిపించడం లేదు. వెనకగది తలుపు ఎప్పుడూ మూసే ఉండేది. లోపల్నుంచి కీబోర్డు టకటకలు వినిపించేవి. బావ ఆఫీసునుంచి వచ్చే వేళకు భార్య టీ కప్పు పట్టుకుని ఆ గదిలోకి వెళ్లేది. ఈ మహారాజుకు సేవలు కూడానా అని బావ పళ్లు నూరుకునేవాడు. సినిమాల్లో తెర కింద వచ్చే మాటలు టైపు చేసే పని ఆమెది. ఆ సరంజామా అంతా ఏళ్ల తరబడి భోజనాల బల్ల మీదే ఉండేది. తాను సణగ్గా సణగ్గా ఇన్నాళ్లకు బల్ల ఖాళీ అయింది. మగవాడన్నాక కాస్త గట్టిగా ఉండాలని అనుకున్నాడు.

ఇక బావమరిది జట్టు చూస్తే జాలేసింది. వారం మారినా అదే పదకొండుమంది, అదే వరస. గాయపడినవాణ్ణి మార్చడానికి కూడా బద్ధకమే. ఉద్యోగం ఊడదూ మరి!

మూడో ఆదివారం ఐదైంది. బావ జట్టు పాసుల మీద పాసులు ఇచ్చుకుంది. ఎనిమిది వందల పన్నెండు పాసులు. డెబ్బై నాలుగు శాతం సేపు బంతి వాళ్ల కాళ్ల దగ్గరే. గోల్ వైపు కొట్టింది ఒక్కసారి, అదీ గోల్‌కీపర్ చేతుల్లోకి. ఎనభై ఎనిమిదో నిమిషంలో అవతలి గోల్‌కీపర్ ఎత్తి తన్నాడు. ముందున్నవాడు పరుగెత్తాడు.

ఒకటి, సున్నా.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు బావ ముందు ఇంటర్నెట్‌ను తిట్టాడు. తర్వాత కుర్చీని తిట్టాడు. ఆనక వెనకగది వైపు నడిచాడు. ఒట్టు తీసి గట్టున పెట్టాడు. వాడు లోపల పడీపడీ నవ్వుతూ ఉంటాడన్న ఊహకే ఒళ్లు మండిపోతోంది. ఈ క్షణం సామాను బయట పడాల్సిందే. తలుపు మీద దబదబా బాదాడు.

“బయటికి రారా! గుడ్డిగా తన్ని గెలవడం కూడా ఒక గెలుపేనా? ఇంతసేపూ లోపల కూర్చుని నన్ను చూసి నవ్వుతున్నావా?”

తలుపు తెరుచుకుంది. హెడ్‌ఫోన్లు మెడలోకి దింపుకుంటూ భార్య నిలబడి ఉంది.

“నువ్వు అడ్డు లే. వాణ్ణి పిలువు,” అన్నాడు.

ఆమె ఆయన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసింది.

“వాడు ఉద్యోగం దొరికి వెళ్లి పన్నెండు రోజులైందండీ.”