దూరమా?

బళ్ళన్నీ ఫోను చెప్పినట్టే నడవడం మొదలయ్యాక, డ్యాష్‌బోర్డు మీద నుంచి అది "ఎక్కడికి?" అని అడగడం, మనం జవాబు చెప్పడం తప్పనిసరి అయింది. చెప్పకపోతే బండి కదలదు.

ప్రత్యూషకి ఆ మాట గిట్టేది కాదు. "బయల్దేరేవాళ్ళని ఎక్కడికని అడుగుతావా, అప్రాచ్యపుదానా!" అంటూ దిగిపోయి, ఇంట్లోకెళ్ళి మంచినీళ్ళు తాగి మళ్ళీ ఎక్కేది. అది మళ్ళీ అడిగేది. ఆవిడ మళ్ళీ దిగేది. పక్క సీట్లో భర్త వంశీధర్ తల పట్టుకునేవాడు. చివరికి ఆవిడే దానికి మర్యాద నేర్పింది.

"'దూరమా?' అనాలమ్మా. అంతే."

అది నేర్చుకుంది.

ఈ ఉదయం వంశీధర్ ఒక్కడే బండెక్కాడు. ఒళ్ళో ఎర్రగుడ్డ కట్టిన కుండలో ప్రత్యూష అస్థికలు ఉన్నాయి. సీటు బెల్టు కుండ మీదుగానే పెట్టుకున్నాడు.

"దూరమా?" అంది ఫోను.

అతను గుడ్డ ముడి సరిచేశాడు. ఏడుపేమీ రాలేదు.

"ఆవిడ గోదావరి దాకా. నేను మళ్ళీ ఇంటికే."

"రెండు చోట్లు. ముందు ఎవరిని దింపమంటారు?"

"ఆవిడని," అన్నాడు.

బండి కదిలింది.