కూలర్‌కు తెలిసిన మాట

"కూలర్ ఆన్ చెయ్యి," అన్నాడు సురేందర్ మూడోసారి, వార్తలు చదివేవాడిలా గొంతు సవరించుకుని.

గోడకు బిగించిన పాత మొబైల్, "క్షమించండి, అర్థం కాలేదు," అంది. మే నెల మధ్యాహ్నం. మహబూబాబాద్ ఎండకు ఇంటి గోడలు కూడా కాలుతున్నాయి. కుర్చీలో కూర్చున్న మేనేజర్ వేణు సార్ రుమాలుతో మెడ తుడుచుకుని, పర్వాలేదన్నారు.

సురేందర్‌కు తల కొట్టేసినట్టయింది. అద్దం పగిలిన ఫోన్‌ను పారేయకుండా ఇంటికి చెవీ నోరూ చేశానని, ఒక్క మాటంటే లైటు వెలుగుతుందని, కూలర్ తిరుగుతుందని వారం రోజులుగా ఆఫీసులో ఊదరగొట్టాడు. రెండు వారాల కిందటే హైదరాబాద్ నుంచి బదిలీపై వచ్చిన వేణు సార్, మోకాళ్ల నొప్పులతో లేవలేని తన తల్లికి అలాంటిదే అమర్చాలని, చూడడానికి స్వయంగా వచ్చారు. తీరా చూస్తే పేరు గొప్ప, ఊరు దిబ్బ.

సురేందర్ కూతురు అఖిల, తొమ్మిదో తరగతి పిల్ల, తండ్రి చెవి దగ్గరికి వంగింది.

"బాపూ, పొద్దున నేనే మాటలన్ని మార్చిన. దాదికి తెలుగుల చెప్పొస్తలేదు, ఫోన్ వింటలేదు. గిప్పుడు దానికి దాది మాటలే ఎరుక. మన తండా భాషల చెప్పు, కూలర్ తిరుగుతది."

సురేందర్ చప్పున సార్ వైపు చూశాడు. కొత్తగూడ దగ్గరి లంబాడీ తండాలో పుట్టానని ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. చిన్నప్పుడు హాస్టల్లో ఒకసారి నోరు జారి ఆ భాష మాట్లాడితే తోటి పిల్లలు నెల రోజులు వెక్కిరించారు. ఆనాటి నుంచి, అఖిల దాది అని పిలిచే కన్నతల్లి లచ్చితోనూ తెలుగే. ఆ భాషలో అతను పైకి అనేది 'యాడీ' అని తల్లిని పిలిచే పిలుపొక్కటే. సార్ వచ్చే ముందు ఆమెనూ బతిమాలాడు, సార్ ఉన్నంతసేపు జర మాట్లాడకని. ఎందుకని ఆమె అడగలేదు. వంటింటి గడప మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది చూసి సురేందర్‌కు సిగ్గేసింది. అయినా కొంగు తీయమని అనలేకపోయాడు.

"ఏమంటోంది పాప?" అడిగారు వేణు సార్, చెవి అటే పెట్టి. ఆయనది పుస్తకంలో అచ్చేసినట్టుండే తెలుగు.

"ఏం లేదు సార్. నెట్ స్లోగా ఉందంటోంది."

లేచి కూలర్ ప్లగ్గు మీది బటన్ నొక్కుదామంటే అది బీరువా వెనక ఉంది. ఒక్క మాట చాలు. నోటి దాకా వచ్చింది, సార్ ముఖం చూసి మింగేశాడు. ఈయనకు తెలిస్తే ఆఫీసంతటికీ తెలిసినట్టే. ఇంటికొచ్చిన పెద్దమనిషిని చెమటలో ముంచుతున్నాడు గాని, తల్లి నేర్పిన మాట మాత్రం పైకి రావడం లేదు. ఇంత చదివీ ఒక్క మాటకు ఇంత భయపడుతున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

నెట్ పెట్టె ఒకసారి ఆపి మళ్లీ వేస్తానని చెప్పి లోపలి గదిలోకి వెళ్లాడు. తలుపు చాటున నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. పెట్టె మీద ఇంకా చెయ్యి వేయనే లేదు, ముందుగదిలో కూలర్ హోరున తిరగడం మొదలుపెట్టింది.

అయిపోయింది. దాచుకున్నదంతా బయటపడింది. సురేందర్ ఒక్క అంగలో వంటింటి గడప దగ్గరికి వచ్చాడు.

"చెప్పొద్దంటి గద యాడీ," అన్నాడు గొంతు తగ్గించి.

లచ్చి నోటి మీది కొంగు తీయకుండానే తల అడ్డంగా ఊపింది. అతను కూతురి వైపు కోపంగా తిరిగాడు.

"నేను గూడ కాదు బాపూ," అంది అఖిల.

ఆ తండా మాట అన్నది వేణు సార్.