జంతిక కదలడం లేదు

“పటకారుని కొంచెం ఊపు అమ్మా. బతికున్న ఎలుక అనుకోవాలి అది.” స్పీకర్‌లో సాన్వి గొంతు.

త్రివేణి మొహం పక్కకి తిప్పుకుని పటకారు ఊపింది. చివర వేలాడుతున్న చిట్టెలుకని ఫ్రీజర్‌లోంచి తీసి, వేణ్నీళ్ళలో వెచ్చజేసి తెచ్చింది. గాజుపెట్టె మూలన బోర్లించిన కొబ్బరిచిప్ప, ఆ చిప్పకి చెక్కిన గుమ్మంలోంచి కనిపిస్తున్న పాలిపోయిన చుట్ట.

చుట్ట కదల్లేదు.

“తీసుకోవట్లేదు సానూ.”

“కళ్ళు చూడు. బ్లూగా ఉన్నాయా, క్లియర్‌గా ఉన్నాయా?”

“తల లోపల పెట్టుకుంది. అద్దమంతా ఆవిరి, ఏమీ సరిగ్గా కనపడట్లేదు.”

క్రిస్మస్ సెలవులకి ఫ్రిస్కోలో మేనత్త ఇంటికి వెళ్తూ సాన్వి తన కొత్త పాముని తల్లికి అప్పగించింది. ఎప్పుడూ చుట్ట చుట్టుకునే ఉంటుందని దానికి జంతిక అని పేరు పెట్టుకుంది. “ఐ యామ్ ట్రస్టింగ్ యూ, అమ్మా” అంది వెళ్ళేముందు. పదిహేనేళ్ళ పిల్ల ఈమధ్య తల్లితో తలుపు వేసేయకుండా మాట్లాడిన మాట అదొక్కటే. ఆ మాట నిలబెట్టుకోవాలనే త్రివేణి పామంటే ఉన్న భయాన్ని దిగమింగింది.

పాము ఒళ్ళు మసకబారి, కళ్ళు నీలం కలిసిన పాలరంగులోకి తిరిగితే స్కిన్ మార్చబోతోందని అర్థం అంది సాన్వి. అప్పుడు తిండి పెట్టకూడదు, ముట్టుకోకూడదు, నీళ్ళు చల్లి పెట్టెలో తేమ ఉంచాలి. అన్నట్టే కొన్నాళ్ళకి దాని కళ్ళు మబ్బు పట్టాయి. ముట్టుకోకూడదన్న మాట త్రివేణికి మహా నచ్చింది. రోజూ దూరంగా నిలబడి నీళ్ళు చల్లి వచ్చేది.

“తింటోందా ఆ మహాతల్లి?” హాలు పక్క గదిలోంచి అత్తగారు సుబ్బులు కేకేసింది.

“ఇంకా లేదు అత్తయ్యా.”

“తినకపోతే మానె. పెట్టె మాత్రం దాటకూడదు. దాటిందా, ఆ రోజే నేను విమానం ఎక్కేస్తా!”

పాము ఇంటికొచ్చిన రోజే ఆవిడ పెట్టిన షరతు అది. అందుకే మూత మీద బరువుకి ఇనప పెనం పెట్టారు. మళ్ళీ ఆవిడే, మొన్న ఆదివారం, “నాన్‌స్టిక్ మీద పోసినవి దోసెలా, కాగితాలా?” అని ఆ పెనం దింపించింది. అప్పట్నుంచీ మూత మీద ఆ తేలికపాటి నాన్‌స్టిక్ పెనమే ఉంటోంది.

“అమ్మా, నాలుక బయట పెడుతోందా?” సాన్వి మళ్ళీ అడిగింది.

“లేదు.”

“బ్రీతింగ్? పక్కలు ఉబ్బుతున్నాయా?”

“తెలీట్లేదమ్మా.”

కారు వైపర్ల చప్పుడు వినిపించింది. భర్త ఫణి సాన్విని ఎయిర్‌పోర్ట్ నుంచి తీసుకొస్తున్నాడు.

“లాస్ట్ పంపిన ఫొటోలో కూడా ఇదే పోజ్‌లో ఉంది.” సాన్వి గొంతు సన్నబడింది. “అమ్మా, అది ఎప్పట్నుంచి కదల్లేదు?”

త్రివేణి పటకారు పక్కన పెట్టింది. “నిన్న కదిలిందిలే.”

అబద్ధం. అంతకన్నా పెద్దది ఇంకొకటుంది. దోసెలు పోసిన ఆ రాత్రే పెట్టె మీది వేడి దీపం మాడిపోయింది. తెల్లారి చూసి కొత్త బల్బు వేసింది. బయట మంచు, లోపల గాజుపెట్టె రాత్రంతా చల్లబడిపోయింది. ఆ సంగతి కూతురికి చెప్పలేదు. చుట్ట కదలడం మానేసింది కూడా ఆ పొద్దున నుంచే.

“త్రివేణీ, రోడ్లు జారుడుగా ఉన్నాయి. ఇంకో పావుగంట పడుతుంది,” అన్నాడు ఫణి. “నువ్వు దాన్నేం కెలక్కు.”

“చూశావా వాడి ధైర్యం!” లోపల్నుంచి సుబ్బులు నవ్వింది. “పేరేమో ఫణి, పామంటే పరుగు. కానీ తల్లి మోకాళ్ళంటే మాత్రం వాడికి ప్రాణం. హీటింగ్ ప్యాడ్ కొత్తది తెచ్చినట్టున్నాడు, పాతదానిలా జారిపోవట్లేదు. రజాయి కింద కాళ్ళని అంటిపెట్టుకుని ఉంటోంది.”

“మంచిది అత్తయ్యా,” అంది త్రివేణి. ఆ మాటలేవీ చెవికెక్కలేదు. ఫోన్ పెట్టేసింది.

కూతురు వచ్చి చచ్చిన పాముని తన చేత్తో తీయకూడదు. అంతకుముందే తను తెలుసుకోవాలి. తెలుసుకుని, దీపం సంగతి మొత్తం గుమ్మంలోనే చెప్పెయ్యాలి.

ఎలుక వాసన చేతికి ఉంటే కరుస్తుందని సాన్వి చెప్పింది గుర్తొచ్చి సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కుంది. మూత పూర్తిగా పక్కకి లాగింది. కొబ్బరిచిప్ప మీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేసింది.

“జంతికా,” అని పిలిచింది. తన గొంతు తనకే వింతగా వినిపించింది. “కదలవే తల్లీ. ఒక్కసారి బుస కొట్టు. పోనీ, కరిచెయ్.”

కిందనుంచి గరాజ్ తలుపు లేస్తున్న చప్పుడు. నేల సన్నగా అదిరింది. పెట్టెలో ఏదీ అదరలేదు.

“త్రివేణీ!” సుబ్బులు పిలిచింది. “ఓసారి ఇలా రామ్మా. ఈ ప్యాడ్ ఇవాళెందుకో జారిపోతోంది.”

“ఒక్క నిమిషం అత్తయ్యా.”

త్రివేణి చిప్ప ఎత్తి పక్కన పెట్టింది. కళ్ళు గట్టిగా మూసుకుని, చుట్ట కిందకి వేళ్ళు పోనిచ్చి, పైకి తీసింది. బరువు లేదు. తెరవాలంటే భయమేసినా కళ్ళు తెరిచింది.

చేతిలో ఉన్నది ఒట్టి కుబుసం.