పంటిగాటు బిళ్ళ

"పండగపూట ఆ సుత్తి మోతేంటే?" వరండాలోంచి కేకేశాడు ఇల్మా మొగుడు డెస్.

"నక్షత్రాలకి బెజ్జాలు పెడుతున్నా!"

"ఉప్పూ మైదా కలిపి చేసి ఎండబెట్టిన నక్షత్రాల్ని సుత్తితో కొడితే పగలవూ?"

"పగిలితే పగిలాయి. నీ గొలుసు సంగతి నువ్వు చూసుకో," అంటూ ఇల్మా మేకునీ సుత్తినీ గబుక్కున తువ్వాలు కింద దాచేసింది.

డెస్ పాత పత్రికలు చీల్చి, మైదా జిగురంటించి రంగుల గొలుసులు అల్లుతున్నాడు. తలుపుకి నీలగిరి కాయల దండ వేలాడుతోంది. ఆ దేశంలో క్రిస్మస్ నడివేసవిలోనే వస్తుంది; బయట ఈగలు కూడా నీడకి చేరేంత ఎండ. అయినా పొయ్యి మీద, పాత దిండు గలేబు గుడ్డలో మూటకట్టిన క్రిస్మస్ పుడ్డింగ్ కుతకుతా ఉడుకుతూనే ఉంది. బ్రాందీకి బదులు చిక్కటి టీ, చాలని ఎండుద్రాక్షకి బదులు క్యారెట్ తురుము. వెన్న దగ్గర మాత్రం ఇల్మా చెయ్యి వెనక్కి తీయలేదు. లేమి ఇంట్లో ఉంటే ఉండనీ, పుడ్డింగ్‌లో కనపడకూడదని ఆమె పట్టుదల.

ఇంత హడావిడీ ఒక్క మనిషి కోసం. ఇల్మా తమ్ముడు క్లెమ్ భార్య నోలీన్, ముప్పై ఏళ్ళ తర్వాత ఈ గుమ్మం తొక్కబోతోంది.

ఆ ఇంటి పుడ్డింగ్‌లో వేసే వెండి బిళ్ళలు అమ్మమ్మ కాలానివి. ఇప్పటి నాణేలు ఉడికితే పచ్చగా చిలుమెక్కుతాయి కాబట్టి, ఆ పాతవే ఏటేటా వాడతారు. ముక్కలో బిళ్ళ దొరికినవాళ్ళు మనసులో ఒక కోరిక కోరుకుని, దాన్ని గాజు గిన్నెలో వేసెయ్యాలి. ఒక బిళ్ళ మీద ఇల్మా అమ్మ చిన్నప్పుడు ఆత్రంగా కొరికి పెట్టిన పంటిగాటు ఉండేది. అది ఎవరికి దొరికితే వాళ్ళ కోరిక తీరక మానదని ఇంటిల్లిపాదికీ నమ్మకం.

ఒక ఏడు ఆ బిళ్ళ గిన్నెలోకి తిరిగి రాలేదు. బల్ల కింద వెతికారు, ముక్కలన్నీ చిదిమారు.

"నోలీన్ జేబు దులపండర్రా, అక్కడుంటుంది!" అంది ఇల్మా. నవ్వుతూనే అంది. అందరూ నవ్వారు. నోలీన్ మొహం మాత్రం కందగడ్డయింది. క్లెమ్ పెళ్ళాం చెయ్యి పట్టుకుని లేచి వెళ్ళిపోయాడు.

అంతే, రాకపోకలు తెగిపోయాయి. ఏళ్ళ తరబడి పిల్లల కోసం మొహం వాచిన ఆ ఇద్దరికీ మరుసటి ఏడు కూతురు పుట్టిందని విని కూడా ఇల్మా చూడబోలేదు. కిందటేడు క్లెమ్ పోయినప్పుడు చర్చిలో చివరి బల్ల మీద కూర్చుని, తమ్ముడి మొహమైనా దగ్గరగా చూడకుండా వచ్చేసింది. అన్న మాటని వెనక్కి తీసుకునే దారేదీ ఆమెకి తోచలేదు.

చివరికి పాత సామాన్ల కొట్లో అచ్చం అలాంటి బిళ్ళే కనపడింది. కొనేసి, ఇవాళ పొద్దున మేకు పెట్టి దాని మీద గాటు కొట్టింది. నోలీన్‌కి ఫోన్ మాత్రం బిళ్ళ కొన్న రోజే చేసింది.

"నోలీన్, బిళ్ళ దొరికిందే! ఆనాడు భోజనాలయ్యాక పిల్లలు చేసిన నక్షత్రం ఒకటి ఇప్పుడు పగిలితే అందులో ఉంది. ఏ గడుగ్గాయో పిండిలో నొక్కేశాడు."

అవతల కుర్చీ లాక్కున్న చప్పుడైంది.

"దొరికిందా వదినా?"

"దొరికిందే."

"అయితే వస్తాను."

నోలీన్ వచ్చింది. తల ముగ్గుబుట్టయింది. గుమ్మంలో కాగితం గొలుసుని వేలితో మీటి, "ఇంకా ఇవేనా అన్నయ్యా?" అంది డెస్‌తో.

"కొనే బుద్ధి మీ వదినకి ఎప్పుడుందమ్మా!"

ముక్కలు కోసేటప్పుడే ఇల్మా ఆ బిళ్ళని నోలీన్ ముక్కలోకి వెనకనుంచి దూర్చేసింది. రెండో చెంచాకి ఠంగుమంది. నోలీన్ బిళ్ళని తీసి, తుడిచి, కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూసింది. మేకు గాటు పట్టుబడిపోతుందేమోనని ఇల్మా చెంచా కింద పెట్టేసింది.

"అదేనా?"

నోలీన్ తలెత్తి ఆడపడుచు మొహంలోకి చూసింది. చూస్తున్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అదే వదినా."

"ఏం కోరుకుంటావమ్మా?" అన్నాడు డెస్.

"నా కోరిక ఎప్పుడో తీరిపోయింది అన్నయ్యా," అంటూ బిళ్ళని గిన్నెలో వేసింది.

"ఆ మాట నేననకుండా ఉండాల్సింది," అంది ఇల్మా. "నా నోటితోనే తమ్ముణ్ణి దూరం చేసుకున్నాను. నీ బిడ్డని ఒక్కసారైనా ఎత్తుకోలేదు."

"నీ తప్పేం లేదులే వదినా. ఆవేళ నేనైనా లేవకుండా కూర్చోవాల్సింది."

భోజనాలయ్యాక నోలీన్ గౌను చేతులు పైకి మడిచింది. "గిన్నెలన్నీ నేనే కడుగుతా. నువ్వు కుర్చీలోంచి కదిలావంటే ఊరుకోను!" అని ఒక్కతే వంటింట్లోకి వెళ్ళింది. బిళ్ళలు కూడా తనే కడిగిపెట్టింది. వెళ్ళేటప్పుడు ఇల్మాని గట్టిగా పట్టుకుని ఎంతకీ వదల్లేదు.

కారు మలుపు తిరిగాక ఇల్మా వంటింట్లో నిలబడిపోయింది. అబద్ధం పారింది. కానీ మనసు తేలికపడలేదు. ముక్కుసూటి మనిషిని అప్పుడు దొంగని చేశాను, ఇప్పుడు దొంగ బిళ్ళతో మోసం చేశాను అనుకుంటూ, తుడిచి దాచేద్దామని గాజు గిన్నెని తువ్వాలు మీద బోర్లించింది.

గాటు పడ్డ బిళ్ళలు రెండున్నాయి.