వేడి రేడియేటర్

"మూత తీసి నీళ్ళు పొయ్యి, నాకు టైం లేదు," అన్నాడు గురునాథరావు, ఫోన్లోంచి తలెత్తకుండానే. ఆటోనగర్ షెడ్డు ముందు ఆగిన అతని కారు బానెట్‌లోంచి ఆవిరి కమ్ముకొస్తోంది.

మెకానిక్ యోహాన్ అతన్ని గుర్తుపట్టాడు. పన్నెండేళ్ళ కిందట ట్రావెల్స్ మేనేజరుగా ఉన్నప్పుడు ఇతను ఈ మాటే అన్నాడు. అప్పుడు అక్కడ కొత్త డ్రైవరుగా ఉన్న యోహాన్ మూత తీశాడు. ఎడమ కన్ను పోయింది, డ్రైవింగూ పోయింది. అంతకు ముందురోజే సెలవు కోసం ఇద్దరికీ మాటామాటా అయింది. అందుకే కావాలని చేయించాడని యోహాన్ నమ్మకం.

"మీరే తీసుకోండి సార్," అంటూ గుడ్డముక్క అందించాడు.

గురునాథరావు విసుక్కుంటూ వంగి, మూత మీద చెయ్యి వేశాడు. ఏ జంకూ లేదు. ఇతనికి ఆ రోజు కూడా ఏమీ తెలియదని యోహాన్‌కు అప్పుడే అర్థమైంది. చటుక్కున ఆ చెయ్యి లాగేశాడు.

"ఏటయ్యా?"

"నీళ్ళు ఇంజిన్ వేడిని మోసుకొచ్చి రేడియేటర్లో సల్లారాల సార్. సల్లారకపోతే లోపల ఒత్తిడి పెరిగిపోద్ది. మూత బిగించున్నంతసేపు నూరు డిగ్రీలు దాటినా మరగవు. ఇప్పుడు తీత్తే ఒక్కసారే మరిగి మొకమ్మీద పడతాయి."

గురునాథరావు మొదటిసారి అతని ముఖం చూశాడు. "యోహానూ... ఆ రోజు నాకు ఇయ్యేవీ తెల్దు."

"తెలక తియ్యమన్నారు, సరే. తప్పు నాదేనని రిపోర్టు రాసిందీ తెలకేనా?"

గురునాథరావు రోడ్డు వైపు తిరిగాడు. ఇంజిన్ చల్లారేదాకా అతను ఎక్కడికీ పోలేడు. యోహాన్ స్టూలు లాక్కుని అతనికెదురుగా కూర్చున్నాడు.

"సెప్పండి సార్. నాకు టైం ఉంది."