నల్ల టేపు

సాయంత్రం సిరొంచలో కరెంటు పోయింది. రవీందర్ చార్జరును ట్రాక్టర్ బ్యాటరీకి తగిలించాడు. మనిషంత పొడవున్న, రిమోటుతో ఎగరేసే రెండు జెట్ విమానాలు, తనదొకటి, అన్న సదానందానిదొకటి. రెండింటి బ్యాటరీల్లోనూ సెల్లులన్నీ సమానంగా నిండాయి.

ఒక బ్యాటరీ మాత్రం చేతికి ఉబ్బుగా తగిలింది. అలాంటిది నేలమీద బాగానే ఉంటుంది. పైకెళ్లి జోరందుకున్నాక చేతులెత్తేస్తుంది.

రవీందర్ ఉబ్బు కనబడకుండా దానికి నల్ల టేపు చుట్టి, పళ్లతో తెంపి, అన్న జెట్‌లో పెట్టాడు. రేపు వీళ్లు ఎగరేసేది చూడ్డానికి వచ్చే నాగపూర్ క్లబ్బాయన తన జట్టులోకి తీసుకునేది ఒక్కరినే.

తెల్లారి అంకిస దారిలో కొత్త తారు రోడ్డు మీద రవీందర్ రాళ్లు ఏరేస్తుంటే, సదానందం రెండు జెట్లకూ వైర్లు కలిపి మూతలు బిగించాడు.

"అన్నా, ముందుగాల నువ్వే ఎగరెయ్యి."

అన్న జెట్ పక్కనున్న గోదావరి మీద ఒక చుట్టు తిరిగి మెత్తగా దిగింది. రవీందర్ జెట్ మొదటి మలుపులోనే ఆగిపోయి, ఇసుకలో పడి ముక్కలైంది.

క్లబ్బాయన సదానందం చెయ్యి పట్టుకుని ఊపాడు. సదానందం తమ్ముణ్ణి దగ్గరికి తీసుకున్నాడు.

"మంచిది నాకు పెట్టి, పనికిరానిది నువ్వు ఉంచుకుంటవ్. ఎప్పుడూ గింతే నువ్వు. అందుకే పొద్దుగాల బ్యాటరీలు మార్చిన రా. గిట్లయితదని నాకేం ఎరుక?"

రవీందర్‌కు అన్న కాళ్ల మీద పడాలనిపించింది. తలెత్తలేక, ఇసుకలోంచి బ్యాటరీని తీశాడు.

దాని మీద ఉన్నది తను పళ్లతో తెంపిన టేపు కాదు. పాతది విప్పేసి, కొత్తది చుట్టి, కొసను కత్తెరతో నున్నగా కత్తిరించి ఉంది.