ఎల్డన్ వంతు

ఫోనులోంచి నాణెం టంగుమని కిందికి పడింది.

"మళ్ళీ ఎంగేజేనా, పెద్దాయనా?" అని వరసలోంచి ఎవరో అరిచారు.

నవ్వడానికేం, అందరూ నవ్వారు.

అమెరికాలోని వయోమింగ్‌లో చమురు బావుల దగ్గరి క్యాంపు అది. సెల్‌ఫోన్లు ఇంకా పుట్టని రోజులు. నూట నలభై మందికి ఒక్కటే ఫోను, అదీ ఆరుబయట, రేకు గూడు కింద. పైగా ఆ రోజు థాంక్స్‌గివింగ్ పండగ. ఊళ్ళో పెళ్ళాంపిల్లలు టర్కీ కోడిని ముందు పెట్టుకుని కూర్చునే రోజు. మధ్యాహ్నం నుంచే ఆ ఫోను ముందు ముప్ఫై మంది, నెత్తిన మంచు.

వరసలో తన్నులాటలు జరిగి జరిగి, ఫోర్‌మన్ ఒక రూలు పెట్టాడు. ఒకడి కోసం ఇంకొకడు చోటు పట్టకూడదు. ఎవడి ఫోను వాడే చేసుకోవాలి. లైను కలవకపోతే మాత్రం తన వంతు తనకిష్టమైన వాడికి ఇచ్చుకోవచ్చు.

ముసలి ఎల్డన్‌కి ఎప్పుడూ లైను కలవదు. క్యాంపులో పైపులు కడిగే పని ఆయనది. సెలవు దొరికితే చాలు, అందరికంటే ముందొచ్చి నిలబడతాడు. నంబరు తిప్పుతాడు. ఎంగేజ్. పోయిన ఆదివారం ఆయన వంతు టెక్సాస్ వాడికి పోయింది. వాడి తల్లికి ఆపరేషన్.

ఈసారి ఆ నాణెం పడే వేళకి రాయిస్ డ్యూటీ దిగి పరుగెత్తుకొచ్చాడు. ఒళ్ళంతా బురద. వరస చూడగానే నేరుగా దాని ముందుకెళ్ళాడు.

"పండగ రోజు నాలుగింటికల్లా ఫోను చెయ్యి. చెయ్యకపోతే ఇంక ఎప్పుడూ చెయ్యకు" అని భార్య జనీన్ పుట్టింటి నుంచి ఉత్తరం రాసింది. పోయినేడు అతని వంతు వచ్చేసరికి అక్కడ అందరూ నిద్రపోయారు.

నాలుగు కావడానికి ఇంకా ఆరు నిమిషాలుంది.

"బాబ్బాబు, ఒక్క అయిదు నిమిషాలు! నా కాపురం పోతుంది."

"నీకేనా పెళ్ళాం? మాకు లేరా? పోయి వెనక నిలబడు."

"ఏయ్, నువ్విలా రా" అని పిలిచాడు ఎల్డన్. "మా వాళ్ళు ఇప్పట్లో ఫోను పెట్టేలా లేరు. నా వంతు నువ్వు తీసుకో."

రాయిస్ ఆయన మొహం కూడా చూడలేదు. రిసీవర్ లాక్కున్నాడు.

అవతల జనీన్ ఎత్తింది. "క్రిస్మస్‌కైనా వస్తావా?" అని అడిగింది.

సాయంత్రం మెస్సులో వంటావిడ వెల్మ గరిటె ఎత్తి పట్టుకుని నిలబడింది.

"తినే ముందు ఒక్కొక్కరూ ఎవరికో ఒకరికి థాంక్స్ చెప్పాలి. చెప్పనివాడికి గుమ్మడికాయ స్వీటు లేదు!"

ఒకడు తల్లికి చెప్పాడు. ఇంకొకడు తెగకుండా మిగిలిన తన పది వేళ్ళకి చెప్పాడు. రాయిస్ వంతొచ్చింది. ఆనందం పట్టలేక ఉన్నాడు.

"నా థాంక్స్ ఎల్డన్ ఇంటివాళ్ళకి! పండగపూట కూడా ఫోను కింద పెట్టనందుకు!"

మెస్సంతా గొల్లుమంది. ఎల్డన్ కూడా నవ్వాడు. నవ్వు దగ్గయింది. ఆ దగ్గు ఒక పట్టాన ఆగలేదు.

"ఇంతకీ వాళ్ళని ఏం చేశావు, పెద్దాయనా? అంత పగా నీ మీద?" అన్నాడొకడు.

"బాగానే ఉన్నార్రా మా వాళ్ళు" అన్నాడు ఎల్డన్, టేబులు చుట్టూ చూస్తూ. "అందరూ కడుపునిండా తింటున్నారు. అదే నా థాంక్స్."

వెల్మ రాయిస్ పక్కకొచ్చి గొంతు తగ్గించింది. "సిగ్గులేకపోతే సరి! ఆయన వంతు తిన్నది నువ్వేగా? ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదా?"

"రేపు చెప్తాలే, వెల్మక్కా. ఎక్కడికి పోతాడు?"

మర్నాడు ఎల్డన్ మంచం దిగలేదు. రోడ్డు మీద మంచు తీశాక డాక్టరు వచ్చేసరికి ఆదివారమైంది. అప్పటికే ప్రాణం పోయింది. చలిలో గంటలకొద్దీ నిలబడినందుకు నిమ్ము చేసిందన్నాడు డాక్టరు.

ఫోర్‌మన్ రాయిస్‌ని పిలిచి చీటీ ఒకటి చేతిలో పెట్టాడు. "పనిలో చేరినప్పుడు ఇంటి నంబరని ఇది రాసిచ్చాడు. ఊరూ పేరూ ఏం లేవు. కబురు నువ్వు చెప్పు."

రాయిస్ వరసలో నిలబడ్డాడు. ఏం చెప్పాలో లోపల కూడబలుక్కున్నాడు. మీ నాన్న వల్లే నా కాపురం నిలబడిందండీ. ఆయనకి చెప్పలేకపోయాను, మీకు చెప్తున్నాను.

వంతు రాగానే నంబరు తిప్పాడు. ఎంగేజ్. నాణెం టంగుమని పడింది.

మళ్ళీ తిప్పాడు. ఎంగేజ్.

"ఆ ఇంటివాళ్ళు ఇంకా మాట్లాడుతూనే ఉన్నారా?" అని వెనక ఎవరో అన్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మూడోసారీ అంతే. రాయిస్‌కి ఒళ్ళు మండిపోయింది.

"మీ నాన్న చచ్చిపోయాడ్రా! ఇప్పుడైనా పెట్టండ్రా ఫోను!" అని రిసీవర్లోకి అరిచాడు. కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి.

నాణెం చేతికి దొరక్క కింద పడింది. తీసుకోవడానికి వంగాడు. ఫోను అడుగున మంచు పేరుకున్న చిన్న రేకు ముక్క కనిపించింది, మీద ఏవో అంకెలు.

బొటనవేలితో మంచు తుడిచాడు.

ఆ రేకు మీద ఉన్న ఈ ఫోను నంబరు, ఎల్డన్ తన ఇంటిదని రాసిచ్చిన నంబరు, ఒక్క అంకె తేడా లేకుండా ఒకటే.